గైడు గారు ఎలాంటివారు?

"మొహమాటం లేకుండా చెప్పండక్కా. గైడు గారు ఎలాంటివారు?"

ల్యాబ్‌లో ఇద్దరే ఉన్నారు. అడిగింది పీహెచ్‌డీ సీటు కోసం వచ్చిన అమ్మాయి. పొద్దున ఇంటర్వ్యూలో నెగ్గింది. చేరేదీ లేనిదీ సాయంత్రంలోగా తేల్చి చెప్పమన్నారు. జవాబు చెప్పాల్సింది అదే గైడు దగ్గర థీసిస్ రాయడం ముగించిన సీనియర్. టెక్నికల్ యూనివర్సిటీల్లో ఇదొక రివాజు. సంబంధం ఖాయం చేసుకునే ముందు ఇరుగుపొరుగుని వాకబు చేసినట్టు, చేరబోయే ముందు పాత విద్యార్థిని చాటుగా అడగాలి. ఆ మాటకొస్తే మొగుడికైనా విడాకులివ్వొచ్చు గానీ గైడుకి ఇవ్వలేం.

"బంగారం లాంటి మనిషి," అంది సీనియర్, ఇనుప ముక్కని మిషన్‌లో బిగిస్తూ. "విద్యార్థుల్ని కడుపులో పెట్టుకుని చూసుకుంటారు."

"కోపం ఎక్కువని బయట విన్నాను. నిప్పు లేందే పొగ రాదంటారు కదా?"

"ఇక్కడ పొగ వచ్చేది ఆ మూలనున్న కొలిమిలోంచే. అది కూడా మేం వెలిగిస్తేనే."

అమ్మాయి నవ్వింది కానీ వదల్లేదు. "నాకన్నా ముందు వచ్చిన ఇద్దరూ మీతో మాట్లాడాక చేరకుండా వెళ్లిపోయారట?"

బిగిస్తున్న చేయి ఆగింది. "వాళ్లకి ఇంకోచోట వచ్చింది."

"నాకూ వచ్చిందక్కా. పేరులేని చిన్న ల్యాబ్. కానీ ఆ మేడమ్ నాలుగేళ్లలో పంపించేస్తానని మాటిచ్చారు. నాకదే ముఖ్యం. మా అమ్మ బట్టలు కుట్టి చదివించింది. ఇప్పుడు చూపు తగ్గిపోతోంది. 'ఇంకో నాలుగేళ్లు ఎలాగోలా సూదిలో దారం ఎక్కిస్తాను, ఆ తర్వాత నా వల్ల కాదే' అంది."

సీనియర్ మిషన్ వైపు తిరిగి, బిగించిన మరనే మళ్లీ బిగించింది. ఆ పిల్లని చూస్తే ఆమెకి ముచ్చటేసింది, ఏడుపూ వచ్చింది.

"ఇక్కడా నాలుగేళ్లే," అంది చివరికి.

"మీకూ అంతే పట్టిందా?"

"నా సంగతి వేరు. మధ్యలో ఒంట్లో బాగోలేదు. ఆలస్యమంతా నాదే. ఆయన పల్లెత్తు మాట అనలేదు."

చెబుతూనే చున్నీతో కళ్లు ఒత్తుకుంది. ఇంత మంచి గైడుని వదిలి వెళ్లాల్సి వస్తున్నందుకు కాబోలు అనుకుంది అమ్మాయి. ఇంకేం అడగాలనిపించలేదు. అక్కడే నిలబడి చిన్న ల్యాబ్ మేడమ్‌కి ఫోన్ చేసి, క్షమించమని, తాను రావడం లేదని చెప్పేసింది. అవతల ఆవిడ కాస్త నొచ్చుకున్నట్టుంది, ఆ సీటు వెంటనే వేరేవాళ్లకి ఇచ్చేస్తానంది.

"మీరు లేకపోతే పొరపాటు చేసేదాన్నక్కా!" అని సీనియర్ రెండు చేతులూ పట్టుకుని ఊపేసి, అమ్మకి చెప్పాలంటూ వరండాలోకి పరుగెత్తింది.

సీనియర్ ఆ చేతుల్ని కాసేపు అలాగే చూసుకుంది. తర్వాత థీసిస్ పట్టుకుని వెళ్లి గైడు గది తలుపు తట్టింది.

"చేరుతోంది సార్. రెండో చోటు వద్దనేసింది."

ఆయన కలం మూత తీశాడు.

"నీ బదులు మనిషిని తెచ్చావుగా, ఇక నీ థీసిస్ మీద సంతకం పెడతాను," అన్నాడు.