విరుగుడు నీళ్ల రుణం

“ఒక్క క్యాన్ విరుగుడు నీళ్లు బయటికి పోయినా మా టాంకర్ ఇటు రాదు. ఇగ మీ ఇష్టం,” అన్నాడు పౌడర్ కంపెనీ నుంచి వచ్చిన జగన్‌మోహన్.

విరూపాక్ష తల పట్టుకున్నాడు. జహీరాబాద్ హైవే పక్కన అతనిది చిన్న పనీర్ కార్ఖానా. పాలు విరగ్గొట్టి పనీర్ తీశాక మిగిలే నీళ్లున్నాయే, చెరకు పిప్పికి కూడా గిరాకీ ఉన్న ఈ ఊళ్లో వాటిని పైసా పెట్టి కొన్నవాడు లేడు. ఇప్పుడు ఈ కంపెనీవాళ్లు వాటినే కొని, ఎండబెట్టి పొడి చేస్తున్నారట.

“బీదర్ దిక్కు, న్యాల్‌కల్ దిక్కు అందరు మోరీల పోసుడు బంద్ చేసి మాకే ఇస్తున్నరు. మీరొక్కరే ఆలోచన చేస్తున్నరు. వచ్చే పైసలతోని మీ పాత బాయిలర్ మార్చుకోవచ్చు గదా?”

బాయిలర్ మార్చకపోతే కార్ఖానా ఎన్నాళ్లో నడవదు. ఆ సంగతి విరూపాక్షకూ తెలుసు. కానీ గేటు బయట బాలమణి తోపుడు బండి మీద ఖాళీ క్యాన్లతో నిలబడి ఉంది. రోజూ ఆ నీళ్లు తన బర్రెలకని తీసుకుపోయేది ఆమే.

“కార్ఖానా పెట్టిన కొత్తల, మోరీ కంపు కొడుతుందని గల్లీ అంతా తాళమెయ్యనీకి వచ్చిన్రు సార్. ‘నా బర్రెలు తాగుతయి, నాకియ్యి తమ్మీ’ అని ఆ అక్క ఒక్కతే అడ్డమొచ్చింది. ఇయ్యాల నేను నాలుగు మెతుకులు తింటున్ననంటే ఆమె పుణ్యమే. ఆమె బర్రెల నోటికాడిది గుంజుకోలేను.”

“మంచితనంతోని బాయిలర్ వస్తదా?” అంటూ జగన్‌మోహన్ లేచాడు. టాంకర్ కోహీర్ వైపు తిరిగింది.

ఇంటికొచ్చిన లక్ష్మిని కాలదన్నాడని ఎవరైనా అంటారు. విరూపాక్షకు దిగులుగానే ఉంది, అయినా మనసు నిండుగా ఉంది. తానే క్యాన్లు నింపి బండికెక్కించాడు.

“ఆ టాంకర్ ఎందుకొచ్చింది తమ్మీ?” అడిగింది బాలమణి.

జరిగింది చెప్పాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నా కోసం వద్దన్నవా?”

“నువ్వు చేసినదానికి ఇదెంత అక్కా. బర్రెలు మంచిగున్నయా?”

బాలమణి బండి వదిలేసి, టాంకర్ పోయిన దిక్కు చూసింది.

“జల్ది ఫోన్ చేసి వాపస్ పిలువు తమ్మీ. గీ నీళ్లకు నా బర్రెలు ఒక్కనాడు గూడ మూతి పెట్టలే. నీ కార్ఖానా బంద్ కావొద్దని రోజు మోస్కపోయి ఊరవతల పారబోస్తున్న.”