బూజు దాటని గీత

"అమ్మా, ఈ బూజు పట్టిన ప్లేట్లన్నీ పెద్ద కుక్కర్లో పడేసి ఉడకబెట్టెయ్యనా?" అంది ల్యాబులో గాజుసామాను కడిగే ఆవిడ.

"పడెయ్. మట్టిలోంచి మూడొందల రకాల బాక్టీరియా జల్లెడపడితే, మందు తయారుచేసే జన్యువులు ఈ ప్లేట్లలో పెంచే ఒక్కదాంట్లోనే దొరికాయి. ఆర్నెల్లయింది, ఒక్క చుక్క చేసిపెట్టలేదు," అంది పరిశోధకురాలు కంప్యూటర్ మీంచి తలెత్తకుండా. "వేళకి తిండి, వెచ్చటి గది, ఒక్కదానికే ఒక ప్లేటు. ఇంకేం కావాలట?"

"అచ్చం మా ఆడపడుచే! ఒక్కతీ ఉంటే కుర్చీలోంచి లేవదు. తోడికోడలు గడప తొక్కిందా, ఇల్లంతా అద్దంలా తుడిచేస్తుంది."

"బాక్టీరియాకి తోడికోడల్ని ఎక్కణ్ణుంచి తేను?"

"మీరు తేనక్కర్లేదు, వచ్చి కూర్చుంది. ఇదుగో, ఈ బూజు. ప్లేటంతా పాకింది గానీ మీ బద్ధకస్తురాలి జోలికి మాత్రం పోలేదు. గీత గీసినట్టు ఆగిపోయింది."

పరిశోధకురాలు గబగబా లేచొచ్చి, ప్లేటును వెలుతురుకెత్తి చూసింది. బాక్టీరియా పెరిగిన తెల్లటి చుక్క చుట్టూ వేలెడు వెడల్పున బూజన్నదే లేదు. ఆర్నెల్లుగా తను వెతుకుతున్న, బూజుని చంపే మందు పనిచేస్తే కనబడేది ఇలాగే.

"ఇలా రావడం ఇదే మొదటిసారా?"

"భలేవారే! ఎన్ని కడిగానో. ఓసారి మిమ్మల్నడిగాను కూడా. 'బూజు పడితే పాడైనట్టే, నీకెందుకు, కడిగెయ్' అన్నారు."

పరిశోధకురాలు బిక్కమొహంతో కుక్కర్ వైపు చూసింది.

"మొహం అలా పెట్టకండి, బాగోదు. ఈ వారానివి పదకొండున్నాయి. కుక్కర్ మూత ఇంకా బిగించలేదు."