ముఖాల్లేని సైన్యం

అలమారా తెరిచిన డెంటిస్టుకి తన సైన్యంలో ఒక్కడికీ ముఖం లేదని తెలిసింది.

బొటనవేలంత సీసపు సైనికులు. నీలం కోట్లు, ఎర్ర టోపీలు. అన్నిటి మీదా బూజులాంటి తెల్లటి పొర. కళ్ళు, మీసాలు, పెదాలు ఆ పొర కింద మాయమైపోయాయి.

ట్రే బయటికి లాగి దీపం కింద పెట్టాడు.

ఫోటో స్టూడియో మేడమీద గది అది. ఆదివారం సాయంత్రాలు కొందరు పెద్దమనుషులు అక్కడ చేరి, బల్ల మీద అట్టకొండలు పేర్చి, టేపుతో కొలిచి సైన్యాలు నడిపి, పాచికలు వేసి యుద్ధాలు చేసుకుంటారు. ఇంట్లోవాళ్ళు దీన్ని బొమ్మలాట అంటే మాత్రం వీళ్ళు ముఖం మాడ్చుకుంటారు.

మిగతావాళ్ళ సైన్యాలు పాడైతే మళ్ళీ కొనుక్కోవచ్చు. డెంటిస్టుది అలా కాదు. దానికి రంగులు వేసింది అతని తమ్ముడు, ఆస్పత్రి మంచం మీద. అప్పట్లో డెంటిస్టుకి దూరాన ఉద్యోగం. ఉత్త సైనికుల్ని పార్సిల్లో పంపితే ముఖాలతో తిరిగొచ్చేవారు. ఒకడికి జలుబు చేసిన ముఖం. ఒకడికి ఇంటి మీద బెంగ పెట్టుకున్న ముఖం. ఆఖరిదాకా మావాడి చెయ్యి వణకలేదని డెంటిస్టు అందరికీ చెప్పుకునేవాడు.

తమ్ముడి ఫోటో కూడా గోడకి పెట్టుకోలేదు. ఈ సైన్యమే పెట్టుకున్నాడు.

"తుడిస్తే పోతుందేమో," అన్నాడు స్టూడియో ఫోటోగ్రాఫర్.

డెంటిస్టు తడిగుడ్డతో ఒకణ్ణి తుడిచాడు. పోలేదు.

"ఎవరు ముట్టుకున్నారు?"

ఒకరి సైనికుణ్ణి ఇంకొకరు అడక్కుండా తాకకూడదు. ఆ గదిలో ఉన్న చట్టమంతా అదే.

డెంటిస్టు బావమరిది గొంతు సవరించుకున్నాడు.

"పోయిన ఆదివారం ముందుగా వచ్చింది ఆయన, బావా."

అందరూ కిటికీ వైపు తిరిగారు.

అక్కడ గొడుగాయన కూర్చుని ఉన్నాడు. ఎండైనా వానైనా గొడుగుతోనే వస్తాడని ఫోటోగ్రాఫర్ పెట్టిన పేరు అది. అసలు పేరు ఎవరూ అడగలేదు. కొన్నాళ్ళుగా వస్తున్నాడు. ఆడమంటే నవ్వి ఊరుకుంటాడు. డెంటిస్టు సైన్యం బల్లెక్కితే మాత్రం లేచొచ్చి, ముక్కు తగిలేంతగా వంగి ఒక్కొక్కణ్ణే చూస్తాడు. వాసన చూసి గెలుపెవరిదో చెబుతారా అని ఫోటోగ్రాఫర్ ఒకసారి ఆటపట్టించాడు కూడా.

మీరేనా అని డెంటిస్టు సూటిగా అడిగాడు.

గొడుగాయన ట్రే మీదికి వంగాడు. చాలాసేపు లేవలేదు. లేచాక ఒక్కసారి బావమరిది వైపు చూశాడు. తర్వాత డెంటిస్టు వైపు.

కాదని అనలేదు.

"ఒకటి నాకివ్వండి. బాగుచేయగలనేమో చూస్తాను," అన్నాడు.

డెంటిస్టుకి ఒళ్ళు మండింది. డోలు వాయించే సైనికుణ్ణి తీసి ఆయన అరచేతిలో పెట్టి నొక్కాడు.

"తీసుకెళ్ళండి. మళ్ళీ ఈ మెట్లెక్కకండి. ఇది మా తమ్ముడి చేతిపని. అంటే ఏంటో తెలుసా మీకు?"

"తెలుసు బాబూ."

గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు. గొడుగు కిటికీ దగ్గరే ఉండిపోయింది.

ఆ తర్వాత డెంటిస్టు పాచిక ముట్టుకోలేదు. ఆదివారాలు వచ్చి, ఎవరి యుద్ధమో చూస్తూ కూర్చునేవాడు.

వానలు వెళ్ళి చలి మొదలయ్యాక, ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. గొడుగాయన కూతురట. గొడుగు తీసుకెళ్ళడానికి వచ్చిందట. డెంటిస్టు ఎవరని అడిగి, అతని చేతిలో చిన్న డబ్బా పెట్టింది.

దూదిలో డోలు వాయించేవాడు.

తెల్లటి పొర లేదు. తాళం తప్పానేమోనని కనుబొమ్మ ఎత్తిన అదే ముఖం. కింది పెదవి మీద అదే సన్నటి గీత.

డెంటిస్టు భూతద్దం పెట్టి చూశాడు.

"ఇది మా తమ్ముడి చెయ్యి. ఇంకొకరికి రాదు."

"మీ తమ్ముడుగారిది కాదండీ," అంది ఆ అమ్మాయి. "అప్పటికే ఆయన చేతులు వణికేవి. పక్క మంచం మా నాన్నది. ముఖం ఎలా ఉండాలో ఆయన చెబితే నాన్న వేసేవారు. 'నా చేతులు పనిచేస్తున్నాయంటే కోలుకుంటున్నానని అన్నయ్య నమ్ముతాడు, చెప్పకండి' అని మీ తమ్ముడుగారు నాన్న దగ్గర మాట తీసుకున్నారట."

ఎవరి చేతిలోంచో పాచిక జారింది. దొర్లుకుంటూ పోయి గోడకి తగిలి ఆగింది.

డెంటిస్టు లేచాడు. ఇప్పుడే వస్తాననీ, కాళ్ళు పట్టుకుంటాననీ, మిగతావి కూడా ఆయనే దిద్దాలనీ ఏదేదో అన్నాడు.

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"నాన్న చూపు ఎప్పటినుంచో తగ్గిపోతోందండీ. పూర్తిగా పోయేలోగా వాటిని తనివితీరా చూసుకోవాలని ఇక్కడికి వచ్చేవారు. మీరు రావద్దన్నాక ఇదొక్కటే కంటికి ఆనించుకుని కూర్చున్నారు. ఇది పూర్తయింది. ఇప్పుడు నాన్నకి నేను కూడా కనిపించను."

డెంటిస్టు కుర్చీలో కూలబడ్డాడు. అది గొడుగాయన కుర్చీ.

గొడుగు తెచ్చివ్వడానికి వెళ్ళిన బావమరిది దాన్ని పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"వార్నిష్ కొట్టింది నేను బావా," అన్నాడు. "రంగు చెదరకుండా ఉంటుందని, నీకు చెప్పకుండా బాల్కనీలో పెట్టి కొట్టాను. బయట వాన. తేమలో కొడితే తెల్లబడిపోతాయి, ఇవాళ వద్దు బాబూ అని ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఈ బొమ్మల సంగతి నీకేం తెలుసు, పోయి కూర్చో అన్నాను."