ఫలం: చూడలేదు

"అవ్వా, చెయ్యి తియ్యి!"

కావలివాడు యోరామ్ కేకకు వృక్షశాస్త్రవేత్త డాక్టర్ ఎంబాగా తలెత్తి చూశాడు.

బల్లమీద ఎండుతీగను అతికించిన అట్ట. దానికి బెత్తెడు దూరంలో ఒక ముసలావిడ వేలు. ఆవిడ చెప్పుల నిండా ఎర్రమట్టి.

"ముట్టుకోలేదులేరా. చూపానక దగ్గరికొచ్చా," అని, ఆవిడ డాక్టర్ వైపు తిరిగింది. "ఏం మొగుడా, పెళ్ళాం కొండ దిగి నడిచొస్తే కూర్చోమనవా?"

ఉసంబారా కొండల్లో అవ్వలు మనవడి ఈడువాళ్ళను అలాగే పలకరిస్తారు. యోరామ్ నవ్వాడు. ఎంబాగాకు నవ్వే తీరిక లేదు.

ఆ సాయంత్రంలోగా శాస్త్రపత్రికకు వ్యాసం పంపాలి. రెండేళ్ళ శ్రమ అది. శాస్త్రలోకానికి తెలియని అడవిమల్లె తీగ. మూడేసి చిన్నాకులు, పొడవాటి గొట్టం వంటి తెల్లని పువ్వు, ఏడు రేకలు. ఇదంతా నలభై అయిదేళ్ళ నాటి ఆ ఒక్క అట్టను చూసి రాసిందే. ఆ తర్వాత ఆ తీగ ఎవరి కంటా పడలేదు. దాని పండు ఎలా ఉంటుందో, అది ఎక్కడ పెరుగుతుందో తెలియదు.

అట్ట మూలన సేకరించినవారి పేరు మాత్రం ఉంది: కె. షెంబిలు.

నాడు వచ్చిన విదేశీ బృందం తన నివేదికలో ఒక్క వాక్యం రాసింది. "ఎనభై అడుగుల చెట్లెక్కి నమూనాలు దించింది షెంబిలే." ఎంబాగా ఆ ఇంటిపేరున్న తాతలందరినీ వాకబు చేశాడు. చెట్లెక్కినవాడు ఒక్కడూ దొరకలేదు.

"ఎందుకొచ్చావు అవ్వా?"

"చూసినోళ్ళు వచ్చి చెప్పమని ఈ తీగ బొమ్మ మా బడి గోడకు అంటించావు గదా. బొమ్మ తప్పు. పువ్వులు కిందికి వేలాడాలి. నువ్వేమో నిక్కబొడిపించావు."

"అట్టమీద అలాగే ఉన్నాయి."

"అట్టమీద అలాగే ఉంటాయి. అడవిలో ఉండవు."

యోరామ్ అందుకున్నాడు. "ఈ నెల్లో ఈవిడ పదిహేడో మనిషి డాక్టరు గారూ. మొన్నొకాయన గుమ్మడితీగ మోసుకొచ్చాడు."

"నేను తీగ తేలేదురా కోతీ. చోటు చూపిద్దామని వచ్చా." ఆవిడ ఎంబాగా ముఖంలోకి చూసింది. "ఇప్పుడు పండు కూడా ఉంది. కవలపండు. నల్లగా నిగనిగలాడతది. వారం దాటితే పిట్టలు మిగల్చవు. రేపు పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి చేరతాం."

మల్లెజాతి తీగల్లో పండు తరచు కవలగానే ఉంటుంది. కనుక ఆ మాటలో కొత్త ఆధారమేదీ లేదని ఎంబాగా తర్కించుకున్నాడు. తర్కంలో లోపం లేదు.

"వ్యాసం వెళ్ళిపోనీ అవ్వా. తీరిక చూసుకుని వస్తాను. ఎవరింటికి రావాలి?"

"క్వేమొండోలో తుమైని తల్లి అని అడుగు. చంటిపిల్లైనా చూపిస్తది."

ఆవిడ అట్టవైపు మరోసారి చూసింది. ఏదో చెప్పబోయింది.

"చెప్పు," అన్నాడు ఎంబాగా, రాస్తూనే.

"ఏం లేదులే. వచ్చినప్పుడు చెబుతా. నీ పని కానీ మొగుడా."

సాయంత్రానికి వ్యాసం వెళ్ళింది. వర్ణన చివర ఇలా ఉంది: "ఫలం: చూడలేదు. నివాసం: తెలియదు." చూడనిదాన్ని చూడలేదని రాయడం శాస్త్రధర్మం. చూడ్డానికి వెళ్ళలేదని రాసే ఆనవాయితీ శాస్త్రంలో లేదు.

తీగకు షెంబిలు పేరే పెట్టాడు. మగవారి పేరైతే లాటిన్‌లో చివర 'ఇ' చేర్చాలి. జాస్మినం షెంబిలుయి. "సాహసి అయిన ఆ సేకర్త ఆచూకీ తెలియలేదు. ఆయన స్మృతికి ఈ పేరు," అని కింద రాశాడు.

ఎనిమిది నెలలకు అచ్చయిన సంచిక చేతికొచ్చింది. దాన్ని సంచిలో పెట్టుకుని ఎంబాగా క్వేమొండో కొండెక్కాడు.

తుమైని తల్లి ఇల్లు ఎవరినీ అడగనవసరం లేకపోయింది. ఊరంతా అక్కడే ఉంది. పెరట్లో అరటిచెట్ల నడుమ కొత్తమట్టి కుప్ప.

"మొన్న పూడ్చాం," అంది కూతురు తుమైని, అతనెవరో తెలుసుకుని. "జ్వరం. మూడురోజులే పడుకుంది. అప్పట్లో మీకోసం ఎంత చూసిందని! పండు రాలిపోయేదాకా రోజూ బాట వంకే చూపు. 'నా మొగుడికి ఇంకా తీరిక దొరకలేదే' అని ఒకటే నవ్వు."

ఎంబాగా మట్టికుప్ప వైపు చూసి అడిగాడు.

"ఆ తీగ ఎక్కడుందో మీలో ఎవరికైనా..."

"అమ్మకొక్కదానికే తెలుసు. ఒకరికి చెబితే వెనకే గొడ్డలి వస్తదనేది. మాకే చూపించలేదు. మీకు చూపిస్తానంటే మేమే వింతపడ్డాం."

ఆవిడ పోయిన నాడు అడవి వైపు నుంచి మల్లెవాసన కొట్టిందని పక్కింటావిడ కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. ఆ తీగ పూసే నెల అది కాదు. ఎంబాగా ఆ సంగతి చెప్పలేదు.

పాస్టరు చెక్కసిలువ తెచ్చి గోడకు ఆనించాడు. దానిమీద ఇంకా ఏమీ రాయలేదు.

"మీరు రాయండి డాక్టరు గారూ. చదువుకున్న చెయ్యి, అక్షరం కుదురుగా వస్తది," అంటూ తుమైని నల్లరంగు డబ్బా, కుంచె అందించింది.

ఎంబాగా మోకాళ్ళ మీద కూర్చుని కుంచె ముంచాడు.

"తుమైని తల్లి అని రాయనా?"

"అది నేను పుట్టాక ఊరు పెట్టిన పేరు గదా. సిలువ మీద ఆమె సొంత పేరుండాలి," అని, తుమైని ఒక్కో అక్షరం అందేలా నెమ్మదిగా చెప్పింది. "కెజియా అని రాయండి, పక్కన మా తాత పేరు, షెంబిలు."