అత్తయ్య పంపిన చారు

గిన్నె మీద మూత తీయగానే ఇస్తీర్ ముఖానికి కోడి చారు ఆవిరి కొట్టింది. అది ఉపవాసాల్లో చివరిదైన శ్రమల వారం. ఊళ్లో ఏ క్రైస్తవుల ఇంట్లోనూ పాలచుక్క కూడా ముట్టని రోజులు.

"ఏమిటే ఇది?"

కోడలు దిమ్యానా ఉల్లిపాయ తరుగుతున్నదల్లా ఆగిపోయింది. రోజూ పొద్దున్నే గుడికి వెళితే మధ్యాహ్నం దాకా రాని అత్తగారు, ఆవేళ మోకాళ్లు పట్టేసి సగంలోనే వచ్చేసింది.

"చారు అత్తయ్యా."

"కళ్లున్నాయి, కనపడుతోంది. ఎవరి కడుపులోకని అడుగుతున్నా."

"నా కడుపులోకి కాదు."

"మరి నా కొడుక్కా? వాడు క్వారీలో రాళ్లు కోస్తూ కూడా చిక్కుడు గింజలూ రొట్టే తిని ఉపవాసం ఉంటున్నాడు. నేను ఈ ఇంట అడుగుపెట్టిన నాటినుంచీ ఏ ఏడూ ఈ యాభై అయిదు రోజుల ఉపవాసంలో ఈ పొయ్యి మీద మాంసం ఉడకలేదు. తెలుసా నీకు?"

"తెలుసు. ఒంట్లో బాగోలేనివాళ్లకి ఉపవాసం లేదని గుడిలో ఫాదరు, మన అబూనాయే చెప్పారు కదా."

"ఎవరికి బాగోలేదు?"

దిమ్యానా మూత పెట్టేసింది. గిన్నెకు గుడ్డ చుట్టి, నల్ల శాలువా కింద దాచుకుని, తలవంచుకుని బయటికి నడిచింది. పెళ్లయిన మూడేళ్లలో అత్తగారి మాటకు బదులివ్వకుండా ఆ పిల్ల గడప దాటడం అదే మొదటిసారి. ఇస్తీర్ మోకాళ్ల నొప్పి మరిచిపోయి వెనకాలే బయల్దేరింది.

కోడలు కాలువ గట్టు దాటింది. చెరకు బండ్లు తిరిగే సందులోకి మళ్లింది. చివరింటి నీలం తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. ఆ తలుపు చూడగానే ఇస్తీర్ అడుగు ఆగిపోయింది.

అది ముఫీదా ఇల్లు. 'నీ ఉపవాసం కడుపుకే గానీ నాలుక్కి లేదే' అని గుడి వాకిట్లో పదిమందిలో అన్న ముఫీదా. ఆ మాట పడి పదకొండేళ్లు. ఒకే గుడిలో, ఒకే వరసలో నిలబడుతూ కూడా ఇస్తీర్ మళ్లీ ఆమె ముఖం చూడలేదు. ఆమెకు కడుపులో ఆపరేషన్ అయిందని విన్నప్పుడు కూడా, అయితే అయిందిలే అనుకుంది.

జుట్టు పట్టుకుని కోడలిని ఈడ్చుకురావాలన్న కోపంతో కిటికీ దగ్గరికి వెళ్లింది. లోపలి మాటలు వినపడ్డాయి.

"మీ అత్త ఇవాళ కూడా పంపిందా?" ముఫీదా గొంతు పీలగా ఉంది.

"పంపింది పిన్నీ."

"ఏమంది?"

"వేడివేడిగా తాగమంది. పండగనాటికి లేచి కూర్చోవాలంది."

ఇస్తీర్ నోరు తెరుచుకుంది. ఎంత అబద్ధం. తన పేరు పెట్టి, తన పొయ్యి మీద వండి. కేకేయబోయింది. ఇంతలో లోపలినుంచి మళ్లీ ఆ పీలగొంతు.

"తండ్రీ, ఇస్తీర్‌ని చల్లగా చూడు. దాని మోకాళ్లు మంచివి కావు, నిలబడి నిలబడి పాడు చేసుకుంటుంది. కాస్త కూర్చోమని దాని మనసుకి చెప్పు. దాని కొడుకుని ఆ రాళ్ల మధ్య కాపాడు. నా గిన్నె నింపినట్టు దాని ఇల్లు నింపు."

'ప్రభువా కరుణించు' అని పూటకు నలభై ఒక్కసార్లు, వేళ్లు ముడుస్తూ, ఒక్కటి తక్కువ కాకుండా అనే మనిషి ఇస్తీర్. చిన్ననాటినుంచి వచ్చిన పాటలన్నీ కంఠస్థమే. కానీ తన పేరు పెట్టి, తన మోకాళ్ల గురించి ఒకరు దేవుడితో పక్కింటివాడితో మాట్లాడినట్టు మాట్లాడటం ఆమె ఎన్నడూ వినలేదు. పట్టుకున్న కిటికీ చువ్వ వదిలేసింది. తరువాత తలుపు తోసింది.

దిమ్యానా ముఖం పాలిపోయింది. మంచం మీద ముఫీదా ఎముకల గూడులా ఉంది. పదకొండేళ్ల తరువాత చూస్తున్న ముఖం.

ఇస్తీర్ మంచం పట్టె మీద కూర్చుని, కోడలి చేతిలో చెంచా లాక్కుంది. చారు ఊది ముఫీదా నోటికి అందించింది.

"ఉప్పు చాలిందా?"

"చాలింది."

"చాలి ఉండదు. ఈ పిల్ల చెయ్యి పిసినారి చెయ్యి."

దిమ్యానా గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. చెంచా వెనక చెంచా గిన్నె ఖాళీ అయింది. ఇస్తీర్ వేళ్లన్నిటికీ కోడి వాసన. ఆ చేతులతోనే ముఫీదా మూతి తుడిచి, "థాంక్స్ తండ్రీ," అంది మెల్లగా. ఏ పుస్తకంలోనూ లేని మాట అది. ఎందుకన్నదో ఆమెకే తెలియలేదు. గుండె మాత్రం తేలికైంది.

కానీ అబద్ధం మీద వచ్చిన దీవెన ఆమెకు అరగలేదు.

"ముఫీదా, ఒక మాట చెప్పాలి. ఇన్నాళ్లూ చారు పంపింది నేను కాదే."

ముఫీదా ఇస్తీర్ చెయ్యి పట్టుకుంది.

"మొదటిరోజే తెలుసు. ఉపవాసాల్లో నీ పొయ్యి మీద కోడి ఉడుకుతుందా? అందుకే గిన్నె ఖాళీ అయినప్పుడల్లా దేవుణ్ణి ఒకటే అడిగాను, ఈ పిల్ల చెప్పే అబద్ధాన్ని ఒక్కరోజు నిజం చెయ్యమని."