ఎర్ర ఫ్రిజ్

ఎస్.ఆర్. నగర్‌లో అద్దెకు గది చూడడానికి వచ్చిన రిషి, గది సంగతి వదిలేసి ఓనరు కాంతవ్వ వంటింట్లోని ఎర్ర ఫ్రిజ్ ముందు నిలబడిపోయాడు.

"మస్తుంది ఆంటీ. ఎప్పుడు కొన్నరు?"

"నిరుడు బతుకమ్మకు," అంది ఆమె మురిసిపోతూ. "డబుల్ డోరు. కిరాయికుండేటోళ్ళు సుత వాడుకోవచ్చు."

రిషి తలుపు తీసి చూశాడు. వేశాడు. ఐసు గడ్డకడుతోందా అని మళ్ళీ తీశాడు.

"నువ్వే కొన్నట్టు చూస్తున్నవేంది బిడ్డా?" ఆమె నవ్వింది. "రూం నచ్చితే ఆధార్, పాన్ జిరాక్సులు ఇయ్యి. పోలీసోళ్ళు అడుగుతరు."

"నిరుడు రూం కోసం వచ్చినప్పుడే ఇచ్చిన కద ఆంటీ! రూం ఇయ్యలేదు గని, వాటి మీద ఈ ఫ్రిజ్ తెచ్చుకున్నరు."

కాంతవ్వ నవ్వు ఆగిపోయింది.

"నాకు బైకు లోను ఎందుకు రాలేదా అని క్రెడిట్ రిపోర్టు తీసిన. ఏడాదికోసారి ఫ్రీగనే ఇస్తరు. అండ్ల నా పేరు మీద ఫ్రిజ్ లోను, మీ ఇంటి అడ్రసు, కట్టని కిస్తీలు! ఆ లోను నాది కాదని కంప్లైంట్ పెట్టిన. అది సుత ఫ్రీనే."

"ఇప్పుడెట్ల బిడ్డా?"

"రేపు లోను కంపెనీ వాళ్ళు ఫ్రిజ్ కోసం వస్తున్నరు. జర అండ్లున్న పెరుగు గిన్నె తీసి పెట్టుకోన్రి."