అరవం బోర్డు

"కుడి కన్ను మూసుకొని చదువు" అని డాక్టరు వకుళాదేవి అనేసరికి గంగాధరం అరచేత్తో కన్ను మూసుకున్నాడు. తిరుమల కొండకు బస్సు నడిపే డ్రైవర్లకు ఏడాదికోసారి జరిగే కళ్ళ పరీక్ష అది. తప్పితే స్టీరింగు వదులుకోవాల్సిందే.

నిజానికి అతనికి కనపడేది అంతంతమాత్రమే. గోడ మీద తెల్లగా ఒక బోర్డు ఉందని తెలుస్తోంది. దాని మీద అక్షరాలున్నాయన్నది మాత్రం నమ్మకం మీద నడుస్తున్న వ్యవహారం. అయినా గంగాధరం సిద్ధపడకుండా రాలేదు. ముందురోజే కండక్టరు వెంకటముని జ్వరం మాత్రల వంకతో ఈ గదిలోకి దూరి, బోర్డు మొత్తం టికెట్ల వెనకాల ఎక్కించుకొచ్చాడు. చంద్రగిరి బడిలో అయ్యవారు ఎంత బాదినా రెండో ఎక్కం దాటని బుర్రకు, బోర్డు మాత్రం సాయంత్రానికల్లా కంఠతా వచ్చేసింది.

పై వరస నుంచి మొదలుపెట్టి, అట్టడుగున ఉన్న చీమతలకాయంత అక్షరాల దాకా గడగడా అప్పజెప్పాడు. కన్ను మార్చమంటే మార్చి, మళ్ళీ అదే జోరు.

డాక్టరమ్మ టార్చిలైటు వేసి చూసింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరి ఉన్నాయి. పరీక్ష కాగితంలో మాత్రం బోర్డు చదివాడా లేదా అన్న గడి ఒక్కటే ఉంది. ఆవిడ కాసేపు ఆ గడి వంకే చూసి, మద్రాసులో కొత్త ఆపరేషను వచ్చిందని నింపాదిగా చెప్పింది. శుక్లం తీసేసి, ఆ చోటనే పెసరబద్దంత లెన్సు కంటి లోపలే పెట్టేస్తారట. సోడాబుడ్డి అద్దాలతో పనే లేదట. ఉత్తరం రాసిస్తాను, వెళ్ళిరమ్మంది.

గంగాధరానికి ఆ మాటలు చెవికెక్కలేదు. డ్రైవరు పెంచలయ్య ఇలాగే ఆపరేషనుకని పోయి సోడాబుడ్డి అద్దాలతో తిరిగొచ్చాడు. ఇప్పుడు డిపో గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని, వచ్చే బస్సుకూ పోయే బస్సుకూ గొలుసు దించుతున్నాడు. పదహారేళ్ళు కొండ ఎక్కి దిగిన గంగాధరానికి ఆ స్టూలు తలుచుకుంటేనే ఏడుపొస్తుంది.

"కండ్లు బాగుండబట్టే గదమ్మా చదివినాను. ఆ మలుపులు నాకు నిద్దట్లో గూడా తెలుస్తాయి" అన్నాడు.

"మలుపులు తెలుస్తాయి, సరే. ముందర పోయే బస్సో?"

మొన్న మంగళవారం ఒక జీపువాడు సమయానికి హారను కొట్టకపోయి ఉంటే బస్సులో ఉన్న యాభైమంది గతి ఏమయ్యేదో గంగాధరానికి తెలుసు. అయినా స్టూలే కళ్ళముందు మెదిలింది.

డాక్టరమ్మ లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. నగరి వైపు నుంచి వచ్చే అరవ డ్రైవర్ల కోసం ఇంకో బోర్డు ఉందనీ, ఊరికే అది కూడా ఒకసారి చూద్దామనీ అంది. అట్టలు కదిలిన చప్పుడైంది.

"ఊఁ, ఇది చదువు."

గంగాధరానికి ప్రాణం లేచొచ్చింది. ఇంతకంటే మంచి సాకు ఆ కొండమీది సామి పంపినా దొరకదు. కళ్ళు చికిలించి, తల అటూ ఇటూ వాల్చి, శ్రద్ధగా చూస్తున్నట్టే చూశాడు.

"అక్షరాలు బాగా అగుపడతా ఉండాయమ్మా, జిలేబీల మాదిరి. అరవం మాట్లాడమంటే ఎంతసేపైనా మాట్లాడతా. చదివేదానికే రాదు."

ఆవిడ నవ్వలేదు. వచ్చి కుర్చీలో కూర్చుని, మద్రాసు ఆసుపత్రికి ఉత్తరం రాయడం మొదలుపెట్టింది.

"నేను బోర్డే మార్చలేదు గంగాధరం" అంది తలెత్తకుండా. "ఆడ ఉండేది తెలుగే."